గుల్లపాలు

సాగరశిల కంపెనీ వాళ్ళకీ, ఆ డ్రమ్ముల మీద "తీరానికి మేలు" అని ముద్ర వేయించిన పెద్ద ఆఫీసరుకీ చెబుతున్నాను. మీకు తెలుసు. తెలియక జరిగిందని రేపు ఎక్కడా అనకండి. మీ షెడ్డు వెనకాల తొట్టిలో పీతలు రాళ్ళయిపోయి ఉన్నాయి. కాళ్ళు బిగుసుకుపోయి, కళ్ళు మాత్రం ఆడిస్తూ, బతికుండగానే రాళ్ళయిపోయాయి. అది చూశారు. చూసి కూడా అదే సరుకు లారీకెక్కించి మా ఊరికి పంపారు. చేతులకి తొడుగులేమైనా ఇవ్వండని మావాళ్ళు అడిగితే, పాలలాంటిదండీ ఏం కాదు అని నవ్వారు. మావాళ్ళు ఒట్టి చేతులతో కలిపారు.

మా ఎల్లాజీ కుడిచెయ్యి రాయైపోయింది. ఆ కథ చెబుతాను. మధ్యలో లేచిపోకుండా వినండి.

సూరాడపేట అంటే కాకినాడ నుంచి సంద్రం ఒడ్డునే పోతే వచ్చే ఊరు. ఎల్లాజీ తల్లి మసేనమ్మ, నాకు మేనత్త, కాపరానికి వచ్చిన రోజుల్లో ఆ ఇంటికీ సంద్రానికీ మధ్య మూడు వీధులూ ఒక సరుగుడు తోటా ఉండేవి. ఇప్పుడు ఒక్క వీధి ఉంది. అదీ ఒకవైపే. రెండోవైపు ఇళ్ళ పునాదులు, పోటు తగ్గి నీరు తీసినప్పుడు, పళ్ళూడిన చిగుళ్ళలా కనపడతాయి. సర్కారు రాళ్ళు పోసింది. సంద్రం మింగేసింది. మళ్ళీ పోసింది. మళ్ళీ మింగేసింది. కాంట్రాక్టరు మాత్రం మేడ మీద మేడ కట్టాడు.

అలాంటప్పుడు వచ్చింది డాక్టర్ నఫీసా. కాకినాడ జగన్నాథపురంలో పుట్టి పెరిగిన మనిషి. సంద్రపు జీవుల మీద పరిశోధన ఆవిడ పని. కారు దిగి ఉపన్యాసం చెప్పలేదు. మసేనమ్మ అరుగు మీద కూర్చుని, ఈ ఊరికెదురుగా నీళ్ళ కింద ఒకప్పుడు ఏముండేదో చెప్పమని ముసలాళ్ళని అడిగింది. ఆలిచిప్పల దిబ్బ ఉండేదని చెప్పారు. మరపడవలు అడుగు గీకి గీకి దాన్ని పిండి చేశాయని కూడా చెప్పారు. అల ముందు ఆ దిబ్బ మీద నడుం విరగ్గొట్టుకుని, నీరసపడి మీ దగ్గరకొచ్చేది, ఇప్పుడు దాన్ని ఆపేవాళ్ళు లేరు, మళ్ళీ పెంచుదామా అంది నఫీసా.

ఎలా పెంచుతారు? దానికే గుల్లపాలు. ఆలిచిప్పల ఒంటి మీద దొరికిన ఒక సూక్ష్మజీవిని ఆవిడ ఏళ్ళ తరబడి తన ప్రయోగశాలలో మచ్చిక చేసింది. నీళ్ళలో తెల్లగా, మజ్జిగ తేటలా కనపడుతుంది. సంద్రపు నీళ్ళలో కరిగున్న సున్నాన్ని పట్టి, దేని మీద పోస్తే దాని మీద పల్చటి గుల్ల కడుతుంది. ఆ గుల్ల మీద ఆలిచిప్ప పిల్లలు వచ్చి కూర్చుంటాయి. వాటి సందుల్లో రొయ్య, పీత, చేప. అంతే.

పనికిరాని వలలు ఊరినిండా ఉన్నాయి. వాటిలో పాత గుల్లలూ కొబ్బరిపీచూ కూరి, బియ్యం బస్తా అంత మూటలు కట్టి, గుల్లపాలలో నానబెట్టి, ఆదివారం నీరు తీసినప్పుడు పడవల మీద తీసుకెళ్ళి వరసలుగా ముంచేవాళ్ళం. కూలి లేదు. ఎవరూ అడగలేదు. వేటకెళ్ళే మగాళ్ళు, చేపల తట్టలమ్ముకునే ఆడాళ్ళు, పిఠాపురం నుంచి కాలేజీ పిల్లలు, బడిపంతుళ్ళు, నేను. ఊళ్ళో మమ్మల్ని మూటలోళ్ళు అనేవారు. మూటలోళ్ళు బయల్దేరారర్రా, సంద్రానికి సారె పెట్టడానికి అని అరుగుల మీంచి నవ్వేవారు. నవ్వినవాళ్ళే రెండో ఏడు వచ్చి వలలిచ్చారు.

గుల్లపాల విత్తనం అంతా ఒక్కచోట ఉంటే ఒక్క రోగానికి పోతుందని నఫీసా దాన్ని మట్టికుండల్లో ఇంటింటికీ పంచింది. షరతు ఒక్కటే పెట్టింది. కుండ తగ్గితే సంద్రపు నీళ్ళు పోయండి, ఇంకేమీ పొయ్యకండి. మసేనమ్మ తన కుండని వంటింటి మూలన, చల్లగా ఉంటుందని తరవాణి కుండ పక్కన పెట్టింది. తరవాణి తెలియనివాళ్ళుంటే చెబుతున్నాను. అన్నం వార్చిన గంజి రోజూ కుండలో పోసి పులియనిస్తారు. వేసవి పొద్దున్నే ఆ పుల్లనీళ్ళు అన్నంలో పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని తింటే సాయంత్రం దాకా ఎండ దెబ్బ తగలదు. మా ఇళ్ళలో అది దేవుడి పటం ఎంత మామూలో అంత మామూలు.

మసేనమ్మ కుండలో నానిన మూటలు ఎందుకో తక్కినవాళ్ళవాటిలా గట్టిపడేవి కావు. నానిన అప్పడంలా మెత్తగా ఉండేవి, నెమ్మదిగా కట్టుకునేవి. వాటిని ముందు వరసలో పెట్టడం దండగని అందరికంటే చివర, కాలవ సంద్రంలో కలిసే మొగ దగ్గర ముంచాం. మా యమ్మ మూటలు మా యమ్మలాగే బావా, ఎవరి మాటా వినవు అని ఎల్లాజీ ఆటపట్టించేవాడు. మసేనమ్మ గరిటె చూపించేది.

ఎల్లాజీ మాకు మునగాడు. ఊపిరి బిగబట్టి నీళ్ళ కిందికి దిగితే పైనున్నవాళ్ళకి భయం పుట్టేదాకా రాడు. మూటల్ని సరిగ్గా పేర్చేది వాడే.

తర్వాత కంపెనీ వచ్చింది. నఫీసా పనిచేసే సంస్థ గుల్లపాల హక్కు కంపెనీకి రాసిచ్చేసింది. ఆవిడని అడగలేదు. కంపెనీ దాన్ని తన షెడ్డులో ఏదో మార్చి, ఏడాది పట్టే పని మూడు వారాల్లో చేస్తుందని డ్రమ్ములు దింపింది. పెద్ద ఆఫీసరు జెండా ఊపాడు. ఏం మార్చారు, దేని మీద పరీక్షించారు అని నఫీసా అడిగింది. వేగం ఒక్కటే పెంచామండీ అన్నారు. కాగితాలు చూపించమంది. చూపిస్తామన్నారు. ఈ రోజుకీ చూపించలేదు.

ఊరంతా డ్రమ్ముల వైపే మొగ్గింది. మొగ్గదా మరి. వానలు ముంచుకొస్తున్నాయి. ఆ ఒక్క వీధీ పోతే ఊరే లేదు. డ్రమ్ముల్లో ముంచిన మూటలు నిజంగానే మూడు వారాల్లో బండలయ్యాయి. గునపం పెడితే నిప్పులు రాలాయి. ఆఫీసరు వాటి మీద నిలబడి ఫోటో దిగాడు.

ఎల్లాజీ మాత్రం మునిగి పైకొచ్చి మొహం తుడుచుకుంటూ, కింద చప్పుడు లేదు బావా అన్నాడు. బతికున్న గుల్లదిబ్బ దగ్గర నీళ్ళలో చెవి పెడితే నూనెలో పోపు వేగినట్టు చిటపట వినిపిస్తుంది. చిటికెలేసే చిన్న రొయ్యల చప్పుడు అది. చేప దాన్ని వినే దారి కనుక్కుని వస్తుంది. ఈ బండల దగ్గర ఏ చప్పుడూ లేదు. చేప లేదు. బండ మీద నాచు కూడా లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకి ఎల్లాజీ పెళ్ళాం పోలమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాడు గోడవైపు తిరిగి ఎడమచేత్తో తింటున్నాడట. ఏమైందంటే చెప్పడట. నిన్న బలవంతాన కుడిచెయ్యి పళ్ళెంలో పెట్టిస్తే, అన్నం కలుపుతుంటే గరగరమని ఇసక రాసిన చప్పుడు వచ్చిందట.

"నాను సెప్పేనని సెప్పకన్నయ్యా," అంది. "నువ్వే సూసినట్టు అడుగు."

వెళ్ళి చూశాను. మూటలు పేర్చేటప్పుడు గుల్ల కోసుకుని అరచేతిలో గాయమైంది. ఆ గాయం చుట్టూ తెల్లగా పెంకు. పెంకు వేళ్ళ మీదికి పాకింది. చూపుడువేలూ నడిమివేలూ అతుక్కుపోయాయి. గోటితో కొడితే గుల్ల మీద కొట్టినట్టు మోగింది. ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావురా అని అరిచాను. వాడు తలుపు మూసి వచ్చి నెమ్మదిగా చెప్పాడు.

"ఇది బయటికొస్తే మూటలాపేత్తారు బావా. మూటలాగితే మళ్ళీ రాళ్ళ కాంట్రాక్టే. ఒక్క సెయ్యి కోసం ఊరు పోద్దా?"

ఇలాంటి లెక్క పేదోడే వేసుకుంటాడు. కంపెనీ వాడు తన చిటికెనవేలు గురించి కూడా ఇలా ఆలోచించడు.

బస్సెక్కించి నఫీసా ప్రయోగశాలకి తీసుకెళ్ళాను. ఆవిడ ఎల్లాజీ చెయ్యి బల్ల మీద పెట్టించి, సూదితో ఒక్కొక్క వేలూ తట్టుతూ, తెలుస్తోందా తెలుస్తోందా అని అడిగింది. రెండు వేళ్ళకి తెలియలేదు. పెంకు ముక్క గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తేసరికి మొహం మారిపోయింది.

"ఇది నేను పెంచింది కాదు," అంది. "నాది ఆకలి తీరగానే ఆగుతుంది. దీనికి ఆగడం మరిపించారు."

అక్కడి నుంచి పెద్దాసుపత్రి. అక్కడి సర్జన్ గారు మంచివాడు, దాచిపెట్టకుండా చెప్పాడు. పెంకు ఎముకని ఇంకా తాకలేదు కానీ వేళ్ళకి రక్తం తగ్గిపోతోంది. మణికట్టు దాటితే చెయ్యి మొత్తం పోతుంది, ఆ పైన ప్రాణం. మణికట్టు దగ్గర తీసేద్దాం, సోమవారం రండి అన్నాడు. పోలమ్మ ఏడవలేదు. తెడ్డు ఎలా పడతాడు డాట్రు గారూ అని ఒక్కమాట అడిగింది.

నఫీసా, నేనూ ఆవిడ స్కూటర్ మీద కంపెనీ షెడ్డుకి వెళ్ళాం. దీన్ని కరిగించే మందేదో మీ దగ్గర ఉండి తీరాలి, ఇవ్వండి అని అడిగాం. మేనేజరు చల్లని గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆవేశపడకండి మేడమ్ అన్నాడు. అతనికి వేరే చర్మరోగం ఉండి ఉండొచ్చన్నాడు. మందు లేదు. అసలు అలాంటి మందు ఒకటి కావాలన్న ఆలోచనే వాళ్ళకి రాలేదు.

బయటికొచ్చి షెడ్డు వెనక నుంచి నడుస్తుంటే ఆ తొట్టి కనపడింది. నీళ్ళలో పీతలు. ముందు రాళ్ళనుకున్నాను. కళ్ళు కదిలాయి. ఇవెప్పటివి తమ్ముడూ అని కాపలాదారుని అడిగాను. ఉగాదికి ముందు నుంచే ఉన్నాయండీ, మేత కూడా తినవు పాపం అన్నాడు వాడు, చల్లగా. మాకు డ్రమ్ములొచ్చింది ఉగాది వెళ్ళాక. నఫీసా తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. నేను ఒక పీతని తువ్వాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. దొంగతనమే. కేసు పెట్టుకోండి.

కొడుకు చెయ్యి తినేసింది గుల్లపాలే అని మసేనమ్మకి తెలిసింది. ఆ సాయంత్రం కుండ నెత్తిన పెట్టుకుని ఒడ్డుకెళ్ళి, ఉన్నదంతా సంద్రంలో వంపేసి, కుండని సర్కారు రాయికేసి కొట్టింది. ఏంటత్తా ఇది అంటే, నా కుండ నా ఇష్టం అంది. కడుపుకోత అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు నఫీసా వచ్చింది. బండల్ని తినేది, ఆపేది సంద్రంలో ఏదైనా ఉండకపోదు, వరసవరసకీ ముక్కలు తీసి చూడాలంది. పడవ తీశాం. నువ్వు ఇంట్లో ఉండరా అంటే ఎల్లాజీ వినలేదు. చేతికి గుడ్డ చుట్టుకుని పడవ వెనక, అమరంలో కూర్చున్నాడు. మునగలేడు. కానీ ఊరికే కూర్చునే రకం కాదు. తెడ్డు నీళ్ళలో నిలువుగా దించి, దాని పిడికి చెవి ఆనించాడు. మా తాతల కాలంలో గొరక చేపల గుంపు ఎక్కడుందో ఇలాగే వినేవారు. గొరక కప్పలా అరుస్తుంది, ఆ అరుపు కర్రలోంచి పైకొస్తుంది.

మొదటి వరస. తల అడ్డంగా ఊపాడు. ముందుకి. మళ్ళీ అడ్డంగా ఊపాడు. అలా వరస వరసా దాటుతున్నాం. కంపెనీ బండ పాకి మా పాత మూటల్ని కూడా మింగేసింది, ఇంత దిబ్బ కట్టి శ్మశానం కట్టామా అనుకున్నాను. నఫీసా నీళ్ళలోకే చూస్తోంది. కాలవ మొగ దగ్గరకొచ్చాం. ఎల్లాజీ చెయ్యెత్తి ఆపమన్నాడు. చెవి మార్చి రెండో చెవి పెట్టాడు.

"బావా," అన్నాడు. "ఇక్కడ పోపు ఏగతంది."

ముక్కూ నోరూ మూసుకుని నేను దూకాను. వాడంత మునగాణ్ణి కాదు, అయినా చూడాల్సింది చూశాను. పక్క వరస నుంచి కంపెనీ బండ ఉబ్బుకుంటూ, పాకుతూ వచ్చి, ఈ మూటల ముందు ఆగిపోయింది. ఆగడమే కాదు. అంచు తడిసిన సున్నంలా మెత్తబడింది, వేలు పెడితే దిగింది. ఇవతల మూటల నిండా ఆలిచిప్ప పిల్లలు, గోరంతవి, ఒకదాని మీద ఒకటి. సందుల్లో గాజులాంటి రొయ్యలు. నా మొహం ముందు నుంచి ఒక పండుగొప్ప చేపపిల్ల ఇది నా ఇల్లు అన్నట్టు దాటుకుని పోయింది.

పైకొచ్చి ఆయాసపడుతూ చెప్పాను. ఇవి ఎవరి మూటలు అని నఫీసా అడిగింది. ఎల్లాజీ చెయ్యి అలా అయిన నాటి నుంచి మొదటిసారి నవ్వాడు.

"ఎవరి మాటా ఇననివి," అన్నాడు.

పడవ దిగి తిన్నగా ఇంటికెళ్ళాం. మీ కుండలో ఏం పోసేవారని నఫీసా అడగ్గానే మసేనమ్మ, సంద్రపు నీళ్ళేనమ్మా, ఇంకేటి పోత్తాను అంది. కళ్ళు నేల మీదున్నాయి. మళ్ళీ అడిగితే గట్టిగా అదే మాట అంది. ఇంకోసారి అడిగితే పొయ్యి ఊదటం మొదలెట్టింది. పొయ్యిలో నిప్పు లేదు. నఫీసా వెళ్ళి ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది. మీ మూటలొక్కటే బతికున్నాయమ్మా, అందుకు అడుగుతున్నాను అంది.

మసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గంజి పోసేనమ్మా. రోజూ ఓ గరిటెడు పోసేను. మీరొద్దన్నారు. అదీ బతికే పేణమే అన్నారు గదా, ఉత్త ఉప్పునీళ్ళతో ఏం బతుకుద్దని పోసేను. నా సేత్తో నేనే నా కొడుకు సెయ్యి తినిపించీసేను."

అదీ సంగతి. కుండ పగలగొట్టింది కడుపుకోతతో కాదు, నేరం చేశానన్న భయంతో. తన గంజి తాగి ఆ పురుగు మదమెక్కి కొడుకుని పట్టిందనుకుంది. రాత్రంతా ఆ బరువు ఒక్కతే మోసింది. కంపెనీలో ఒక్కడికీ అందులో గోరంత పట్టలేదు.

నఫీసా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, మీరు చేసింది అది కాదు అని విడమరిచి చెప్పింది. మూటలకి కాపలా కాసింది ఆ గంజే. కుండ ఏదీ అంది. పగలగొట్టీసేను అంది మసేనమ్మ. సంద్రంలో మూటల మీద ఉన్నది గీకి తేవచ్చు, కానీ దానిలో ఇంకేం చేరిందో తేల్చకుండా మనిషి ఒంటికి పెట్టనంది నఫీసా. తేల్చడానికి నెలలు పడుతుంది. సోమవారం వచ్చేస్తోంది.

ఎల్లాజీ గోడకి చేరబడ్డాడు. పోలమ్మ వాడి భుజం మీద చెయ్యేసింది.

అప్పుడు నఫీసా, ఏ గరిటెతో పోసేవారు అని అడిగింది. మసేనమ్మ మూలకి చూపించింది. తరవాణి కుండలోనే ఉండే కొబ్బరిచిప్ప గరిటె. ఇందులో ముంచి అందులో పోసి, ఆ కుండ ఓసారి కలిపి, మళ్ళీ ఇందులోనే పడేసేదాన్నమ్మా అంది. అందరం మూలనున్న తరవాణి కుండ వైపు చూశాం.

"అయితే మేం తాగిందంతా..." అంది పోలమ్మ.

ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారని నఫీసా అడిగింది. ఎండలు ముదిరిన కాడ నుంచి. ఇంటిల్లిపాదీనా? ఇంటిల్లిపాదీ. పక్కింటోళ్ళు కూడా గిన్నెలు పట్టుకెళ్ళారు. నేను కూడా తాగానని గుర్తొచ్చి నా నాలుక ఓసారి పళ్ళకేసి రుద్దుకున్నాను. ఎల్లాజీ, నేను రెండు గిన్నెలేసి తాగుతాను మేడమ్ గోరూ అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు. నఫీసా పగలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. ఇంతమంది తాగారు, ఒక్కరికీ ఏమీ కాలేదు, నేను ఏళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా ఇంతమంది మీద పరీక్ష చెయ్యనిచ్చేవారు కాదు అంది.

ప్రయోగశాలలో చూస్తే సంగతి తేలింది. తరవాణిని పులియబెట్టేవీ గుల్లపాల జీవులూ ఒకే కుండలో కాపరం పెట్టి కలిసి బతకడం నేర్చుకున్నాయి. పులుపు బండని కరిగిస్తుంది. కరిగిన సున్నాన్ని రెండోది తింటుంది, కడుపు నిండగానే ఆగుతుంది. ఆపడం తెలిసినవీ ఆగడం తెలిసినవీ కలిశాయి. డ్రమ్ముల్లో ఉన్న దూకుడుదానికి ఈ రెండూ రావు.

ముందు పీత. దొంగిలించిన పీతని తరవాణిలో పెట్టి మూతపెట్టాం. పొద్దున్నే మూత తీశాను. అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది. పీత కనపడక వేలు పెట్టి కలియబెట్టాను. నా బొటనవేలు పట్టుకుంది. ఒదల్లేదు. పీత కరిస్తే గంతులేసిన మనిషిని ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నఫీసా, మందు రాసుకోండి అంటూనే కళ్ళు తుడుచుకుంది.

అయినా ఆవిడ మాటివ్వలేదు. పీత పీతే, మనిషి మనిషే, నేను హామీ ఇవ్వలేను అని పోలమ్మకి ఎదురుగా చెప్పింది. పోలమ్మ ఆలోచించింది. సెయ్యి ఎలాగూ తీసేత్తామంటన్నారు, తీసేసేదాన్ని ముందు కుండలో పెడితే తప్పేటమ్మా అంది. ఇంత సూటిగా ఆలోచించే మనిషి మీ ఆఫీసులో ఒక్కరున్నా ఈ కథ ఉండేది కాదు.

సోమవారం కుండతో సహా ఆసుపత్రికి వెళ్ళాం. సర్జన్ గారు కుండలోకి వంగి వాసన చూశాడు. మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చిందన్నాడు. తర్వాత మొహం గట్టిగా పెట్టి, నా కళ్ళెదుటే చెయ్యండి, పెంకు ఇంకాస్త ముందుకి పాకిందంటే మాత్రం నేను ఆగను అన్నాడు. సరేనన్నాం. ఎల్లాజీ మంచం పక్కన కుండ, కుండలో చెయ్యి. వార్డంతా పుల్లటి వాసన. నర్సు ముక్కు మూసుకుని తిట్టింది. పక్క మంచం ముసలాయన మాత్రం, ఓ గ్లాసు ఇత్తావేట్రా అని అడిగాడు. మసేనమ్మ రోజూ గంజి తెచ్చి పోసి, పాత నీళ్ళు వంపేది. అడుగున మడ్డి పడేది.

పెంకు ఆగింది. తర్వాత మెత్తబడింది. తర్వాత ఒక పూట మసేనమ్మ చెయ్యి కడుగుతుంటే అరచేతి మీదది అరటిదొప్పలా ఊడి కుండలో పడింది. కింద చర్మం ఎర్రగా, పచ్చిగా, అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటిలా ఉంది. సర్జన్ గారు సూదితో తట్టాడు. ఎల్లాజీ అమ్మా అన్నాడు. ఆ అమ్మా అనే కేక విని మసేనమ్మ కుండలో ఇంకో గరిటెడు గంజి పోసింది. నొప్పి తెలిసినందుకు ఒక వార్డంతా సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

చిటికెనవేలు ఇంకా వంగదు. వేడీ చల్లా ఆ చేతికి సరిగా తెలియదు, పోలమ్మ చూసి చెప్పాలి. అది మీ బాకీ, గుర్తు పెట్టుకోండి. కానీ వాడు అన్నం కలుపుకుంటున్నాడు. తెడ్డు పడుతున్నాడు. మొన్న ఆదివారం పడవ మీద మూటలకి ముందు కూర్చుని, బొటనవేలూ నడిమివేలూ కలిపి చిటికె వేశాడు. మొదటిసారి మోగలేదు. రెండోసారి మోగింది. కింద రొయ్యలకి జవాబు చెబుతున్నాను బావా అన్నాడు.

మసేనమ్మ ఇంటి ముందు ఇప్పుడు కుండలు పట్టుకుని జనం. ఆవిడ ఒక్కొక్కరికీ గరిటెడు పోసి, గంజి మరవకండి అని తిట్టినట్టే చెబుతుంది. మేం కొత్త మూటల్ని కంపెనీ బండల మధ్యలో ఇరికిస్తున్నాం. బండలు అంచుల నుంచి మెత్తబడుతున్నాయి. ఎల్లాజీ తెడ్డు దించి వింటూ, ఇక్కడ కూడా ఏగతంది, ఇక్కడ కూడా ఏగతంది అని వేలు చూపిస్తున్నాడు. వానలొచ్చాయి. వీధి ఇంకా ఉంది.

ఇప్పుడు మీ పని.

మీ డ్రమ్ములు మా ఊరికొక్కదానికే రాలేదు. ఈ తీరం పొడుగునా దింపారు. ఎక్కడెక్కడ దింపారో పేర్లు బయటపెట్టండి. ఈ వారంలోనే అన్నీ వెనక్కి తీసుకుపోండి. వాటిని కలిపిన ప్రతి మనిషి చెయ్యీ డాక్టరుకి చూపించండి, మావాడిలా గోడవైపు తిరిగి తింటున్నవాళ్ళు ఎందరున్నారో మీకు తెలియదు. నఫీసా అడిగిన కాగితాలు ఆవిడకివ్వండి. ఆ తొట్టిని రోడ్డు మీదికి తెచ్చి జనానికి చూపించండి. కాదు, సరుకు మంచిదే అంటారా, అయితే పెద్ద ఆఫీసరు గారు మా ఊరొచ్చి అందరి ఎదుటా తన కుడిచెయ్యి డ్రమ్ములో ముంచాలి. గీతలు పడిన చెయ్యి అయితే మరీ మంచిది. భయపడక్కర్లేదు, పక్కన మసేనమ్మ కుండ పట్టుకుని నిలబడుతుంది.

అంతదాకా మీ షెడ్డు గేటు ముందు మేం మూటలు కట్టుకుంటూ కూర్చుంటాం. పని ఆగదు.

డ్రమ్ములు తీసుకుపోండి. కుండలు మేం ఇస్తాం.